నాలుగో కుప్ప

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి టీకి వెళ్లిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు మనిషిని. మిల్లులోంచి వచ్చే కడ్డీల మందం కొలిచి రాయడం నా పని. కొలతకు దొరికితే ఉన్నట్టు, దొరక్కపోతే లేనట్టు. మా అమ్మ ఎవరికైనా దిష్టి తీస్తున్నా పక్కగదిలోకి పోయేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చోవడం నాకే నామోషీగా ఉంది. రాయకుండా ఉందామంటే కుదురు లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

రెండువేల ఆరో, ఏడో సంవత్సరం. అప్పుడు నాకు ఎక్కువగా మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు పడేది. పొద్దున్నంతా ఖాళీ. కూర్మన్నపాలెంలో అద్దె గది, అందులో ఒక ఫ్యాను, నేను. గాజువాకలో ఒక బేకరీ పైన నెట్ సెంటరు ఉండేది. పదిగంటలకి అక్కడికి వెళ్లి ఆన్‌లైన్ ఆట ఆడేవాణ్ణి. పెద్ద చిత్తడి నేల, అందులో జంతువులు, వాటిని చంపితే వస్తువులు రాలతాయి. ఒంటరిగా వెళితే పది నిమిషాలు బతకం. గుంపు కావాలి.

ఒకరోజు నేను అలాగే ఒంటరిగా వెళ్లి పడిపోయాను. ఎవరో వచ్చి నా పక్కన నిలబడి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేశారు. "ఏటి బావా, సచ్చిపోయినావేటి? ఉండు, మందిత్తాను."

ఆ యాస చూసి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ మనిషి ఎల్లాజీ. పెదజాలారిపేట కుర్రాడు, చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. మరో వారానికి మాకు పద్మక్క దొరికింది. సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునేది. డాక్టరుగారు పదకొండున్నరకి గానీ రారు కాబట్టి క్లినిక్ కంప్యూటరు మీద ఆడేది. ముగ్గురం ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకరి ముఖం ఒకరం చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు.

మిగతా గుంపుల్లో రాలిన వస్తువుల కోసం రోజూ కొట్లాటే. ఎవడు ముందు ఏరుకుంటే వాడిది. తిట్లు, అలకలు, గుంపులోంచి పొమ్మనడాలు. మా గుంపులో అవేవీ లేవు. దానికి కారణం ఎల్లాజీ పెట్టిన కట్టుబాటు.

అది వాళ్ల పడవ దగ్గరి కట్టుబాటు. పడవ ఒడ్డుకి చేరాక చేపలన్నీ ఇసకలో కుప్పలు పోస్తారట, ఎంతమంది ఉంటే అన్ని కుప్పలు. ఒకడు కుప్పలకు వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవలికి?" అని అడుగుతాడు. అటు తిరిగి నిలబడ్డవాడు ఏ పేరు చెబితే ఆ కుప్ప వాళ్లది. ఇక మాట లేదు. తర్వాత ఒకరి బుట్టలోకి ఒకరు చూడకూడదు.

"బుట్టలోకి తొంగి సూత్తే మనిసిని దొంగన్నట్టే బావా" అని టైపు చేశాడు ఎల్లాజీ. "అంతకంటే నాలుగు తన్నులు నయం."

మేమూ అలాగే చేశాం. వేట అయ్యాక ఆటలోని గోదాముకి వెళ్లి, సంచులు ఖాళీ చేసి మూడు కుప్పలు పెట్టేవాళ్లం. కింద పెట్టిన వస్తువు పది నిమిషాలకి మాయమైపోతుంది కాబట్టి పంపకం చకచకా జరగాలి. ఆ ఆటలో మన మనిషి ఎటు చూస్తే తెర మీద అదే కనిపిస్తుంది. ఎల్లాజీ గోడవైపు తిరిగి నిలబడేవాడు. అతని తెర మీద గోడ తప్ప ఏమీ ఉండదు. పద్మక్క ఒక్కో కుప్ప దగ్గర నిలబడి అడిగేది, ఎల్లాజీ పేరు చెప్పేవాడు.

ఇక నీలం రాయి సంగతి. అది చాలా అరుదుగా రాలేది. ఐదు రాళ్లు కూడితే ఆటలోని రేవులో సొంత పడవ కట్టించుకోవచ్చు. ఎనిమిది నెలల్లో మాకు నాలుగు దొరికాయి. నాలుగూ ఎల్లాజీ పేరు మీదే పడ్డాయి.

పడవ మీద అతనికి ఎంత ఆశో మాకు తెలుసు. అతనికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. నడి సముద్రంలో వస్తే ఎవరు పట్టుకుంటారని ఇంట్లోవాళ్లు పడవ ఎక్కనివ్వరు. నాన్న, అన్న వేటకి పోతుంటే ఇతను ఒడ్డున ఐసు దిమ్మలు మోయాలి. ఒకసారి నేను, "ఐదోది నాకొస్తే నీకిచ్చేస్తానులే" అన్నాను. వద్దన్నాడు. "ఇచ్చింది నాకెందుకు బావా? వాటాలో వత్తేనే నాది."

అప్పుడు ఆ మాట నాకు నచ్చింది. తర్వాత అదే మాట గుచ్చుకుంది. నాలుగుకి నాలుగూ అతనికే ఎలా వస్తాయి అని లోపల ఒక మూల నస మొదలైంది.

అలా ఉండగా, పర్మినెంటు చేసేవాళ్ల జాబితాలో నా పేరు లేదని ఒక సాయంత్రం తెలిసింది. నా తర్వాత చేరినవాళ్ల పేర్లున్నాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు నెట్ సెంటరులో కూర్చోగానే సెట్టింగుల్లోకి వెళ్లాను. గుంపులో ఎవరు ఏది ఏరుకున్నా అందరి తెరల మీదా ఒక వరుస పడుతుంది, ఫలానావారికి ఫలానాది దొరికింది అని. అది పడకుండా చేసే గడి ఒకటి ఉంది. అందులో టిక్కు పెట్టాను. ఎందుకు పెట్టావంటే చెప్పలేను. నాకంటూ ఎవరికీ తెలియనిది ఒకటి ఉండాలనిపించింది, అంతే.

ఆ రోజే నీలం రాయి రాలింది. వాళ్లిద్దరూ గుట్ట అవతల ఉన్నారు. నేను ఏరుకున్నాను. ఎవరి తెర మీదా ఏ వరుసా పడలేదు. గోదాములో సంచి ఖాళీ చేసేటప్పుడు అన్నీ పెట్టాను, అది తప్ప.

రేపు పెట్టేద్దాం అనుకున్నాను. రేపటికి అది ఇంకా కష్టమైంది, నిన్న ఎందుకు పెట్టలేదని అడుగుతారు కదా. అలా పదకొండు రోజులు. నా సంచిలోకి ఎవరూ చూడరు, అదే కట్టుబాటు. ఎవరైనా చూస్తే బాగుండునని కూడా అనిపించింది. మిల్లులో కొలతలు రెండుసార్లు తప్పు రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

పన్నెండో రోజు ఎల్లాజీ మామూలుగానే పదింటికి వచ్చాడు. మాటలు తక్కువ. ఎప్పుడూ చేసే వేళాకోళం లేదు. రాత్రి డ్యూటీలో అలిసిపోయాడనుకున్నాం. పదకొండు దాటాక గోదాముకి వెళ్లి మూడు కుప్పలు పెట్టాం. అతను గోడవైపు తిరిగాడు.

"ఇదెవలికి?" అంది పద్మక్క. అక్కకి అన్నాడు. రెండోది తనకి, మూడోది నాకు.

పద్మక్క తన కుప్ప ఏరుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు అతని వరుస పడింది. "నాలుగో కుప్ప అడగవేటక్కా?"

మూడే ఉన్నాయి తమ్ముడూ అంది పద్మక్క.

"కాదు. ఇంకోటున్నాది. బావ పెడతాడు, ఉండు."

అతను అటే తిరిగి ఉన్నాడు. నేను షిఫ్టు టైమైందని టైపు చేసి, ఆట మూసేసి, మెట్లు దిగిపోయాను. అప్పటికి టైము పదకొండూ ఇరవై. షిఫ్టుకి ఇంకా రెండున్నర గంటల పైనే ఉంది.

మర్నాడు సాయంత్రం పద్మక్క నుంచి ఫోను. ఎప్పుడో అవసరానికి ఇచ్చుకున్న నంబరు, అదే మొదటిసారి చెయ్యడం. ఎల్లాజీ మాటలు తేడాగా అనిపించి అతని ఇంటి నంబరుకి చేస్తే వాళ్ల అన్న పోలారావు మాట్లాడాడట. ముందు రోజు తెల్లవారుజామున ఐసు ఫ్యాక్టరీలో ఎల్లాజీకి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తలకి దెబ్బ. ఆరింటికే పెద్దాసుపత్రిలో చేర్చారు. అప్పటి నుంచి స్పృహ లేదు.

"మరి పదింటికి మనతో ఆడిందెవరు?" అంది పద్మక్క.

నేను కొలిచే మనిషిని కదా, కొలవడానికి బయల్దేరాను. మొదట ఆసుపత్రికి వెళ్లాను. కేసు షీటులో చేర్చిన టైము ఆరూ పది. మంచం మీద సన్నటి కుర్రాడు, తలకి కట్టు, ముక్కుకి గొట్టం. ఎనిమిది నెలలు రోజూ మాట్లాడిన మనిషిని మొదటిసారి చూడటం అలా జరిగింది. కాళ్ల దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

తర్వాత అతను రోజూ కూర్చునే నెట్ సెంటరుకి వెళ్లాను. అప్పట్లో ప్రతి సెంటరులోనూ వచ్చినవాళ్ల పేరు, టైము, సంతకం రిజిస్టరులో రాయించేవారు. ఫిట్స్ రావడానికి ముందు రోజు వరకూ ప్రతి పేజీలోనూ ఎల్లాజీ సంతకం ఉంది. ఆ రోజు పేజీలో లేదు. పాస్‌వర్డ్ ఇంకెవరికైనా చెప్పి ఉంటాడా? పోలారావుకి అలాంటి ఆట ఒకటి ఉందనే తెలియదు. పోనీ ఎవడో దొంగతనంగా వాడాడనుకున్నా, రాయి సంగతి వాడికెలా తెలుస్తుంది? అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. పద్మక్క ఫోను చేసిన మర్నాడు ఆట తెరిచాను. గోదాములో ఎల్లాజీ ఉన్నాడు. గోడవైపు తిరిగి, అదే చోట నిలబడి ఉన్నాడు. ఆ ఆటలో పావుగంట కదలకపోతే ఎవరినైనా బయటికి తోసేస్తుంది. అతన్ని తోసెయ్యలేదు. పద్మక్క కూడా చూసింది. తర్వాతి రోజూ ఉన్నాడు, ఆ తర్వాతి రోజూ ఉన్నాడు. ఎవరెవరో వచ్చి పోతున్నారు. అతను ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు అలా ఉన్నాడు.

ఐదో రోజుకి నా వల్ల కాలేదు. పద్మక్కని పదింటికి రమ్మన్నాను. గోదాములో ఆమె ముందు మొత్తం టైపు చేశాను, గడిలో టిక్కు దగ్గర నుంచి. సంచిలోంచి నీలం రాయి తీసి నేల మీద పెట్టాను.

పద్మక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ రాయి పక్కకి నడిచి వచ్చి నిలబడి, రోజూ అడిగినట్టే అడిగింది.

"ఇదెవలికి?"

అక్కకి పిచ్చి పట్టిందా అనుకున్నాను. గోడ గడియారం చూశాను, పదీ నలభై. కింద బేకరీ నుంచి రొట్టెల వాసన వస్తోంది. పక్క కుర్చీలో ఎవరో ఉద్యోగం దరఖాస్తు నింపుతున్నారు. అంతా మామూలుగా ఉంది. అప్పుడు తెర మీద ఎల్లాజీ పేరుతో ఒక వరుస పడింది.

"బావకి."

అంతే. ఆ మరుక్షణం అతను లేడు. గోడ ఉంది, ముందు రాయి ఉంది.

తీసుకోమని పద్మక్క రెండుసార్లు టైపు చేసింది. నాకు చెయ్యి రాలేదు. పది నిమిషాలకి అది మాయమైపోయింది. ఆ రోజు షిఫ్టుకి బస్సులో వెళుతూ, జనం చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాను.

ఎల్లాజీ బతికాడు. రెండు వారాలకి మాట వచ్చింది. ఎడమ చెయ్యి కొంచెం పట్టు తప్పింది. ఆట మళ్లీ ఆడలేదు, నేనూ మానేశాను. ఏడాది తిరక్కుండా ఆ ఆటే మూసేశారు.

అది మూతపడక ముందే ఒక ఆదివారం పొద్దున్న పెదజాలారిపేట వెళ్లాను. అతని దగ్గర దాచి బతకలేనని తేలిపోయింది. పడవ నీడలో కూర్చుని వల చిక్కులు తీస్తున్నాడు. నేనెవరో చెప్పాను. నవ్వి, ఇసకలో చోటు చూపించాడు. ఆ ఫిట్స్ రోజు నుంచి మాట వచ్చేదాకా తనకేమీ గుర్తు లేదన్నాడు.

నేను ఐదో రాయి దాచుకున్నానని చెప్పాను. అక్కడితో ఆగాను. గోదాములో జరిగింది చెప్పడానికి నోరు రాలేదు. పద్మక్క అతన్ని కలవలేదు, ఫోనులోనూ ఈ మాట ఎత్తలేదు. ఇది ఆమె తర్వాత ఒట్టేసి మరీ చెప్పింది.

ఎల్లాజీ వల మీద నుంచి కళ్లెత్తలేదు. తిడితే పడదామని కూర్చున్నాను.

"దాసినావు, సరే" అన్నాడు. "మరి నీ వాటాకే వచ్చింది గదా బావా. తీసుకోకుండా ఎందుకొగ్గేసినావు?"

నేను ఏదో గొణిగి లేచి వచ్చేశాను. ఏ వాటా, ఎవరు చెప్పారు అని అప్పుడు అడగలేదు, ఆ తర్వాత అడగలేదు. ఇప్పటికీ అతనూ నేనూ మాట్లాడుకుంటాం. ఆ ఒక్క సంగతీ తప్ప అన్నీ మాట్లాడుకుంటాం.

ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెబితే వింటాను. కానీ నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అది కాదు. దొరికిన రోజునే ఆ రాయిని కుప్పలో పెట్టి ఉంటే, ఎల్లాజీ గోడవైపు తిరిగి ఎవరి పేరు చెప్పేవాడు? అతని పేరే చెప్పి ఉంటే అతనికి పడవ వచ్చేది.