కమ్మరి కోజీ వంతు

కమ్మరి కోజీ చర్చికి వస్తానన్న రోజు మా కొండ మీద ఒక్కరికీ మంచి ఆలోచన రాలేదు. ఊరికే రాడు, ఏదో పట్టుకుపోవడానికే వస్తున్నాడన్నారు. ఈసారి ఎవరు చస్తారో లెక్క చూసుకోవడానికట. నాకూ అనుమానమే. నాది అసలే అనుమానపు పుట్టుక. మా ఆయన సంతకెళ్ళి వస్తే ముందు నోటి వాసన చూస్తాను, తర్వాతే సంచీ చూస్తాను.

మా దగ్గర కమ్మరంటే పలుగులు సాగగొట్టేవాడు మాత్రమే కాదు. శవాన్ని కడిగేదీ, అలంకరించేదీ, భుజాల మీదికెత్తుకుని డప్పుల మధ్య ఆడించేదీ, పూడ్చేదీ అతనే. కుండలో తడి ఇసుక పోసి, పీతను వదిలి, అది నడిచిన జాడ చూసి రోగం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేదీ అతనే. అతని భార్య కుండలు చేస్తుంది, మా అందరికీ పురుళ్ళు పోస్తుంది. పుట్టినప్పుడు వాళ్ళ చెయ్యి, చచ్చినప్పుడు వాళ్ళ చెయ్యి. మధ్యలో మాత్రం వాళ్ళు తాగిన సొరబుర్రతో మేము తాగం.

ఎందుకొస్తున్నావని ఉపదేశి జకారియా అడిగితే కోజీ తాపీగా చెప్పాడు. ఇంతమందిని సాగనంపాను, నన్ను సాగనంపేవాడెవరో కనుక్కుందామని వచ్చాను అన్నాడు. జకారియా మైదానం నుంచి వచ్చినవాడు, మా కొండవాళ్ళ గుట్టు తెలియనివాడు. ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సంఘపెద్ద తేరీ మాత్రం గొంతు సవరించుకున్నాడు. తేరీ గొంతు సవరించుకున్నాడంటే ఎవరికో మూడిందని అర్థం.

సంఘంలో చేరాలంటే ముందు పీత కుండ పగలగొట్టమన్నాడు. కోజీ చర్చి ముందు రాయి మీద వేసి పగలగొట్టాడు. అది అసలు కుండ కాదు, వేరేది తెచ్చాడని వందూ పుకారు లేపాడు. వందూ మా చర్చిలో తేరీకి తోక. మర్నాడు తెల్లారగానే తేరీ స్వయంగా కొలిమి దగ్గరికి వెళ్ళి, తిత్తులెత్తి చూస్తూ కోజీకి దొరికిపోయాడు.

"పీత కోసమా, పెద్దాయనా?" అన్నాడు కోజీ. "నిన్ననే కూరొండుకున్నాం. ముందే చెబితే నీకూ కాస్త ఉంచేవాళ్ళం."

అది వేళాకోళమని నాకు తెలుసు. ఊరు మాత్రం దాన్నీ నమ్మింది. పీతనే తిన్నవాడు ఇంక ఎవరినైనా తింటాడన్నారు.

తర్వాత శవాల పని మానమన్నాడు తేరీ. డప్పుతో శవాన్ని ఎత్తుకున్న చేతులు ప్రభువు గిన్నె ముట్టకూడదని సంఘం ముందు తీర్మానం చేయించాడు. కోజీ అదీ మానేశాడు. అతని తమ్ముడు ఆ పని తీసుకున్నాడు, దాంతో పాటు వచ్చే మేకపిల్లలూ జొన్నలూ తమ్ముడింటికే పోయాయి. కోజీ భార్య నా దగ్గర ఏడ్చింది. ఇన్ని చేశాక బాప్తిస్మం ఇవ్వక తప్పలేదు.

ఇచ్చాక కూర్చునే చోటు గొడవ వచ్చింది. దాన్ని కూడా తేరీయే తీర్చాడు. నిప్పు దగ్గర పనిచేసేవాడివి, తలుపు దగ్గర గాలి బాగా వస్తుంది, బెంచీ చివర కూర్చో అన్నాడు. ఎంత ప్రేమో! ప్రభు సంస్కారం గిన్నె తేరీతో మొదలై వరసగా బెంచీ వెంట వెళ్తుంది. అందులో ద్రాక్షరసానికి బదులు ఎర్ర గోంగూర పువ్వుల రసం. చర్చి కట్టించిన మిషన్ దొర ఇచ్చిన పింగాణీ గిన్నె మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి. తలుపు దగ్గరికి చేరేది చివరికి. అంటే కోజీ తాగాక ఇంకెవరూ తాగనక్కర్లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. వాళ్ళు కోజీకి చుక్క కూడా మిగల్చలేదు. ఉపదేశి గిన్నె తేరీ చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థనలో పడిపోతాడు. ఇవతల మగవాళ్ళు గుటకలు వేసేవాళ్ళు. కోజీకి ముందు కూర్చునే వందూ గిన్నె బోర్లించినంత పని చేసేవాడు. కోజీ ఖాళీ గిన్నె అందుకుని, పెదాలకి ఆనించి, మూతి తుడుచుకుని ఇచ్చేవాడు. గిన్నెలు కడిగేది నేను. ఎదురు బెంచీలో కూర్చుని కోజీ గొంతునే చూసేదాన్ని. ఒక్కనాడూ గుటకకి కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళ మీద కొంత, నోరెత్తని కోజీ మీద కొంత.

రెండు పంటలు ఇలాగే గడిచాయి. ఒక శనివారం పొద్దున్నే తేరీ తల్లి, మాసీ ముసలమ్మ, కన్నుమూసింది. ఆవిడా చర్చి మనిషే. తేరీ ముందు కోజీ తమ్ముడికి కబురు పెట్టాడు. చర్చివాళ్ళకి కమ్మరులు పనికిరారన్నారుగా, మీ శవం మీరే చూసుకోండని అతను తిప్పి పంపాడు. మా మగవాళ్ళు ఒక్కొక్కరే నడుం నొప్పి అనీ, మేకలు తప్పిపోయాయనీ జారుకున్నారు. వందూకైతే ఉన్నట్టుండి జ్వరం వచ్చింది. పాటలు పాడటానికి ఎందరో ఉన్నారు, ముట్టుకోవడానికి ఒక్కరూ లేరు. ఎండ ముదురుతోంది. ఈగలు తోలుతూ కూర్చున్నాను నేను.

చివరికి తేరీయే వెళ్ళి కోజీని పిలుచుకొచ్చాడు. కోజీ వాకిట్లోనే ఆగిపోయాడు.

"ముట్టుకుంటే గిన్నె పోతుందని నువ్వే అన్నావు, పెద్దాయనా. ఇప్పుడు ముట్టుకుంటే నాకు గిన్నె ఉంటుందా, పోతుందా?"

ఉంటుందంటే తేరీ తీర్మానం తప్పవుతుంది. పోతుందంటే తల్లి అలాగే ఉండిపోతుంది. ఖాళీ గిన్నె కోసం ఇంత పట్టుదలా అని నాకు కోపం వచ్చింది. పగ తీర్చుకుంటున్నాడేమో అని కూడా అనిపించింది. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు.

"నేను చెబుతాను," అన్నాడు కోజీ, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. "చెయ్యి నువ్వు పెట్టు. మీ అమ్మేగా. భయపడకు."

అలాగే జరిగింది. నీళ్ళు ఎక్కడినుంచి పొయ్యాలో, దవడ ఎలా కట్టాలో, మోకాళ్ళు ఎలా సర్దాలో కోజీ మెల్లగా చెప్పాడు. తేరీ ఒక్కొక్కటే చేశాడు. తల్లిని భుజాలకెత్తుకుని ఒక్కడే గోతి దాకా మోశాడు. పక్కనే నడుస్తూ, అడుగు చూసుకో, ఇక్కడ రాయుంది అంటూ ఉన్నాడు కోజీ. నాకు ఏడుపు ఆగలేదు. మిగతావాళ్ళు గోడల మీంచి చూశారు. తేరీ ఏడుపు ఎవరూ చూడలేదు, తేరీ చేతులు చూశారు.

మర్నాడు ఆదివారం. తేరీ ఎప్పటి చోటే కూర్చున్నాడు. పక్కనున్నవాడు కాస్త జరిగాడు, వాడి పక్కవాడు ఇంకాస్త జరిగాడు. ఉపదేశి రొట్టె విరిచి పంచాడు, గిన్నె నింపి తేరీ చేతిలో పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. తేరీ ఓ గుక్క తాగి పక్కకి ఇచ్చాడు.

పక్కవాడు గిన్నె అందుకున్నాడు, అంచు చూశాడు, తాగకుండా ముందుకి తోశాడు. తర్వాతివాడూ అంతే. జ్వరం తగ్గిన వందూ అయితే రెండు వేళ్ళతో పట్టుకుని దాటించాడు. శవాన్ని ముట్టినవాడు తాగిన గిన్నె మరి. తేరీ ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

గిన్నె తలుపు దగ్గరికి దాదాపు నిండుగా చేరింది. కోజీ అందులోకి చాలాసేపు చూశాడు. అనుమానమే అయ్యుంటుంది, నాకైనా అంతే. తర్వాత ఓ గుక్క తాగి, ఆగిపోయి, ఉపదేశి వైపు తిరిగాడు.

"అయ్యా, ఇందులో చక్కెర వేస్తారా?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు. మా ఇళ్ళల్లో ఆ రసం పులుపు పులుపుగానే కాస్తాం. జకారియా మాత్రం మొదటినుంచీ సంత చక్కెర కలుపుతాడు. ఆ సంగతి మా చర్చిలో పాకే పిల్లకి కూడా తెలుసు.

జకారియా కళ్ళు తెరిచాడు. "ఎప్పుడూ వేస్తూనే ఉన్నానుగా, కోజీ," అన్నాడు. అనేశాక అర్థమైంది. బెంచీ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరి ముఖం చూశాడు.

తేరీ లేచాడు. బెంచీ వెంట అందరినీ దాటుకుంటూ తలుపు దాకా వెళ్ళి, కోజీ ముందు నిలబడి చెయ్యి చాపాడు. మనసు మారి వెళ్ళాడో, ఇంక కూర్చోవడానికి వేరే చోటు లేక వెళ్ళాడో నేను చెప్పలేను. కోజీ గిన్నె ఇచ్చాడు. నేను తేరీ గొంతు మీదే కళ్ళు పెట్టి చూశాను. కదిలింది.