పది సెంటీమీటర్ల గీత

ఇవాళ పొద్దున షట్టరు ఎత్తి ఇంకా ఊడ్వనైనా లేదు, నల్లగొండలో ఏదో సంఘం వార్షికోత్సవానికి నాటకం పెట్టిస్తున్న ఒకాయన రామన్నపేటలోని నా జిరాక్సు దుకాణానికి వచ్చి, స్టేజి లైట్ల నక్ష ఒకటి నా ఫోనుకు పంపి, కాపీ తీసియ్యమన్నాడు. స్టేజి మీద అడ్డంగా ఉండే ఇనుప పైపుకు ఏ లైటు ఎక్కడ తగిలించాలో చూపించే కాగితం అది. పెద్ద కాగితానికి గీసింది. దాన్ని చిన్న కాగితంలో ఇమిడేటట్టు తీస్తే చాలన్నాడు.

"ఫిట్ కొట్టు అమ్మా, అంతా వచ్చేస్తది. లైట్లోళ్లు ఎట్లనో సర్దుకుంటరు."

ఏ-త్రీ కాగితం మీద అసలు సైజులో తీస్తాను, లేకపోతే తియ్యను అన్నాను. "వాడేది మేము, నడుమ నీకేం ఫికరు?" అంటూ ఆయన ఎదురు దుకాణానికి నడిచాడు. వచ్చిన గిరాకీని వెనక్కి పంపడం ఎంత కష్టమో నా వయసు వాళ్లకు తెలుసు. అయినా ఆ ఒక్క విషయంలో నేను మెత్తబడను. ఎందుకో చెప్పాలంటే మా తమ్ముడి గురించి చెప్పాలి.

మాది మగ్గం ఇల్లు. బాపు నేసేవాడు, నేను పెండ్లికి ముందూ తర్వాతా చిటికి కట్టాను. అంటే నూలు పోగులను డిజైను ప్రకారం సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచడం, కట్టిన చోట రంగు అంటకుండా చూడడం. డిజైను గళ్ల కాగితం మీద ఉంటుంది. ఒక్కో గడికి ఇన్ని పోగులని లెక్క. మా పనిలో కాగితాన్ని ఎవరూ కొలవరు, గళ్లు లెక్కపెడతారు. అదే డిజైను అరచేతంత కాగితం మీద ఉన్నా, చాపంత కాగితం మీద ఉన్నా చీర ఒక్కటే వస్తుంది. కాగితం సైజుతో పనిలేదన్న సంగతి నా వేళ్లలోకి ఇంకిపోయింది. నా తప్పు అక్కడే పుట్టింది.

మగ్గం ఆగిపోయాక, తెలంగాణ వచ్చిన ఏడే, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని ఈ దుకాణం తెరిచాను. తమ్ముడికి చిన్నప్పటినుంచీ మగ్గం గుంటలో కాళ్లు నిలవలేదు, నాటకాల వాళ్ల వెంట తిరిగి లైట్ల పని నేర్చుకున్నాడు. జిల్లాల నుంచి వచ్చినవాడంటే బల్బులు తగిలించేవాడనే లెక్క ఆ రోజుల్లో. వాడు మాత్రం నక్ష గీయకుండా నిచ్చెన ఎక్కేవాడు కాదు. కాగితం మీద రెండు సెంటీమీటర్లంటే స్టేజి మీద ఒక మీటరు. నా కంప్యూటరు మీదే గీసి, పీడీఎఫ్ చేసి, నాతోనే తీయించుకునేవాడు.

నల్లగొండలో ఒక నాటకానికి అట్లాగే తీసిచ్చాను. గీతలు అంచుల్లో తెగిపోతున్నాయని ఫిట్ నొక్కాను. అంతా చక్కగా వచ్చింది, నాకు ముచ్చటేసింది కూడా. ఆ నాటకం చివర కొడుకును పోగొట్టుకున్న అవ్వ స్టేజికి ఒక పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని మాట్లాడాలి, నెత్తి మీదినుంచి నిలువుగా ఒకే ఒక్క సన్నని లైటు పడాలి. నటులు తమ జాగాలు టేపుతో కొలిచి పెట్టుకున్నారు. తమ్ముడు స్కేలుతో నా కాగితాన్ని కొలిచి లైటు తగిలించాడు. హాలు ఆలస్యంగా తెరిచారు, వెలిగించి చూసుకునే సమయం లేకపోయింది. వెలుగు అడుగు దూరం తప్పి ఆ అవ్వ ఒళ్లో పడింది, ముఖం చీకట్లోనే ఉండిపోయింది. నేను మూడో వరుసలో ఉన్నాను. నా వెనక ఎవరో నవ్వారు.

నాటకం పెద్దాయన అందరి ముందర వాణ్ని అడిగాడు. "నేనే తప్పు కొలిసిన" అన్నాడు, అంతే. పాలమూరు ప్రదర్శనకు హైదరాబాదు నుంచి ఒక లైట్లాయనను పిలుస్తామని, ఆయన ఒప్పుకుంటేనే ఇక ముందు వాడికి పని అని తేల్చేశారు.

పాలమూరు నక్ష గీసిన రోజు వాడు తెర మీది నుంచి చూపు తిప్పకుండా, "అక్కా, ఈసారి అసలు సైజుల తియ్యి" అన్నాడు. వాడు చాయకు పోయినప్పుడు వాడి సంచిలోంచి పాత కాగితం తీసి స్కేలు పెట్టాను. స్టేజి పన్నెండు మీటర్లని దాని మీదే రాసుంది. అంటే ఇరవై నాలుగు సెంటీమీటర్లుండాలి, ఇరవై రెండున్నరే ఉంది. వాడు తప్పు కొలవలేదు. నేను కుదించి ఇచ్చాను. వాడికి తెలుసు, నా పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వాడు తిరిగొచ్చేసరికి నేను తెర మీది పాలమూరు నక్ష మీద గళ్లు గీస్తున్నాను. ఒక్కో గడి అర మీటరు. కింద మూలకు పది సెంటీమీటర్ల గీత ఒకటి పెట్టాను, కాగితం బయటికి రాగానే దాని మీద స్కేలు పెట్టి చూసుకోవడానికి. పీడీఎఫ్ చేసేటప్పుడు కాగితం సైజు తప్పినా, తీసేటప్పుడు తప్పినా ఆ గీత చెప్పేస్తుంది. గీత తప్పితే గళ్లు కాపాడతాయి. వాడు చూసి, "చిటికి కట్టినవు గదనే" అన్నాడు.

పాలమూరులో ఆ హైదరాబాదు ఆయన, తమ్ముడు పంపిన పీడీఎఫ్‌ను హాలు ఆఫీసులో తీయించుకుని, ఆ కాపీ పట్టుకుని, "ఇదేంటయ్యా, లైట్ల ప్లానా, చీర డిజైనా?" అన్నాడు.

"చీర డిజైనే సార్. మా అక్కది" అన్నాడు తమ్ముడు.

ఆయన స్కేలు తీసి, స్టేజి నడిమి గీత నుంచి పీట నాలుగు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల దూరమని కొలిచాడు. తమ్ముడు నా కాపీ జేబులో ఉన్నా తియ్యలేదు. ఆయన కాగితం మీదే మూలనున్న గీత కొలిపించాడు. తొమ్మిది పాయింటు నాలుగు. "కాగితం కుంచించుకపోయింది సార్. గళ్లు లెక్కవెట్టుండ్రి" అన్నాడు. పది గళ్లు, ఐదు మీటర్లు. ఆయన రెండోసారి తనే లెక్కపెట్టుకుని, నిచ్చెన పట్టుకున్నాడు. ఆ సాయంత్రం అవ్వ ముఖం మీద ముడతలు కూడా కనిపించాయి.

ఆ తర్వాత వాడికి పని తగ్గలేదు. మూడేండ్ల కింద వాడే పోయాడు. వాడి నక్షలన్నీ నా కంప్యూటరులో ఉన్నాయి, ప్రతి దాని మూలకూ ఆ గీత ఉంది.

ఇప్పుడు పెద్ద హాళ్లలో లైట్లు కింద కూర్చుని మీట నొక్కితే వాటంతటవే తిరుగుతాయట. నక్షను ఫోనులో చూస్తారు, రెండు వేళ్లతో లాగితే అది ఎంతైనా అవుతుంది. కొలవడమంటే ఒకరు ఇంకొకరి పనిని నమ్మడమని నేను అనుకునేదాన్ని, ఇప్పుడు అందరూ సర్దుకోవడాన్నే నమ్ముతున్నారు. సర్దుకునేవాడు ఎవరో, అందరి ముందర మాట పడేవాడు ఎవరో నేను చూశాను.

పొద్దున వెళ్లిపోయిన ఆయన ఫైలు నా ఫోనులోనే ఉంది. మూలకు గీత పెట్టి, ఏ-త్రీ మీద అసలు సైజులో తీశాను. స్కేలు పెట్టి చూశాను, పది ఉంది. చుట్టి, రబ్బరు వేసి, గల్లా పక్కన నిలబెట్టాను. ఆయన వస్తే ఇస్తాను. రాకపోయినా అది ఇంతకంటే చిన్నది కాదు.