మామయ్య రాని బారసాల

మొన్న సాయంత్రం దోమలపొగ బండి మా వీధిలోకొచ్చి ఇల్లంతా కిరసనాయిలు కంపు నింపి పోయింది. ఆ కంపు తగిలితే చాలు, నా ప్రాణం నాంపల్లి స్టేషన్ వెనక మా అద్దె ఇంటికి పరుగెడుతుంది. వానలు వెనకబట్టే రోజులు, గోడల మీద డీడీటీ తెల్లటి చారలు, రైలు బొగ్గుపొగ, వంటింట్లోంచి అల్లం పెసరట్ల వాసన, వాకిట్లో మేం గీసుకున్న తొక్కుడుబిళ్ల గళ్లు.

స్టేషన్ పక్కన ఇల్లంటే చుట్టాలకు సత్రమే. ఆదిలాబాద్ అడవుల్లో కలప డిపో గుమాస్తా అయిన మామయ్య, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, ఎక్కడికి వెళ్లాలన్నా మా ఇంట్లో దిగి, అబిడ్స్‌లో కొనాల్సినవి కొనుక్కుని మళ్లీ రైలెక్కేవాడు. ఆసారి బెజవాడ దగ్గరున్న మా పెద్దమ్మకి, పెళ్లైన పదేళ్లకి పుట్టిన పిల్ల బారసాలకని వెండి గిన్నె కొన్నాడు. మర్నాడు ప్రయాణమనగా చలిజ్వరం పట్టుకుంది. రెండు బొంతలు కప్పినా మంచం టకటకలాడింది. నాన్న క్యాంపులో ఉన్నాడు, మమ్మల్ని వదిలి అమ్మ కదల్లేదు. పుట్టింటి నుంచి ఒక్కరూ రాకపోతే అక్క అత్తవారింట్లో తలెత్తుకోలేదని, మిరియాల కషాయం పోసి ఎలాగైనా తమ్ముణ్ణి రైలెక్కించాలనుకుంది.

సరిగ్గా అప్పుడే, పక్షానికోసారి వచ్చి తలుపు వెనక తారీకు రాసిపోయే మలేరియా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, బయటూర్లకెల్లి ఎవరన్న వచ్చిన్రా? జరం గిట్ల ఉన్నదా?"

"ఎవరూ రాలేదండీ," అంది అమ్మ.

నిజం చెప్పే రోగం నాకు అప్పటికే ఉంది. "అడవి నుంచొచ్చిన మామయ్య వణుకుతున్నాడుగా, పసిపాప బారసాలకి కూడా వెళ్తాడు," అన్నాను. అమ్మ నా వీపు మీద గిల్లింది.

ఆయన మామయ్య వేలు సూదితో పొడిచి గాజుపలక మీద నెత్తురు తీసుకున్నాడు, మా అందరిదీ తీసుకున్నాడు. చేదు మాత్రలిచ్చి, "అడవిలకెల్లి తెచ్చుకున్న జరం లెక్కుంది. గాడికి పోతే, ఈయన్ని కుట్టిన దోమ పసిపిల్లను గూడ కుడ్తది. జర ఆగున్రి," అన్నాడు.

రైలు వెళ్లిపోయింది. జ్వరమంటే బాలింత బెంగపడుతుందని, మామయ్యకి సెలవు దొరకలేదంటూ అమ్మ పెద్దమ్మకి టెలిగ్రాం ఇచ్చి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోరోజు కబురొచ్చింది. మామయ్యది మలేరియానే, మాకెవరికీ లేదు. అమ్మ గడపలోనే కూలబడి, "పసిగుడ్డు దగ్గరికి పంపేదాన్నే," అని ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను దగ్గరికి లాక్కుంది. అమ్మయ్య, బతికిపోయాననుకున్నాను. మాత్రలు పూర్తయ్యాక మామయ్య ఆవురావురుమని తింటుంటే ఇంటికి పండగొచ్చినట్టయింది.

ఇప్పుడు ఆ ఇంటి చోట లాడ్జి లేచింది, గడప గడపకీ వచ్చి జ్వరం అడిగే మనిషీ లేడు, అమ్మా మామయ్యా కూడా లేరు. ఆ బారసాల పిల్ల పోయిన నెల మా ఇంటికొచ్చి, సెలవు దొరకలేదన్న మామయ్యని వాళ్లమ్మ పోయేదాకా దెప్పిందని చెప్పింది. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఎన్ని మాటలన్నామే అక్కా ఆయన్ని," అని కళ్లు తుడుచుకుని, పక్కలో నిద్రపోతున్న తన మనవరాలిని ఒళ్లోకి తీసుకుంది.