బొట్టు వెనక మెతుకు

మా చెల్లెలి కూతురు మూడు వారాలుగా మెట్‌పల్లిలో నా దగ్గరే ఉంటోంది. రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయింది. వాళ్లింట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఎగిరి మీద పడతారని, పుండు పూర్తిగా మానేదాకా పెద్దమ్మ దగ్గర ఉండమని నేనే బలవంతాన తెచ్చుకున్నాను. రోజూ పొద్దున్నే గోడ ముందు నిలబడి, ఆపరేషన్ అయిన వైపు చేతిని గోడకు ఆనించి, వేళ్లతో మెల్లమెల్లగా పైకి పాకిస్తుంది. ఎదురుగా స్టూలు మీద సెల్‌ఫోన్ నిలబెట్టుకుంటుంది. చెయ్యి ఎంత లేచిందో ఆ ఫోనే చూసి, లెక్కగట్టి, గీత గీసి మరీ చూపిస్తుందట. ఈ పొద్దున ఆ గీత కిందికి దిగింది. "నిన్నటికంటే నాలుగు డిగ్రీలు తగ్గింది పెద్దమ్మా" అని ఫోను నా చేతిలో పెట్టి, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను కళ్లద్దాలు సర్దుకుని ఆ గీతను చూస్తూ నిలబడ్డాను. దాని మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఎంత తెలివిగల ఫోనైతే మాత్రం, ఇంకా నొప్పి తగ్గని పిల్లకు పొద్దున్నే అంత ఖచ్చితంగా చెప్పాలా? ఇరవై ఏళ్ల కింద నేనూ ఇలాగే గోడ పట్టుకుని పాకాను. అప్పుడు నా చేతి లెక్క చూసింది ఒక బొట్టుబిళ్ల. ఆ ముచ్చట ఇన్నాళ్లూ ఎవరికీ నిండుగా చెప్పలేదు, మా ఈడు వాళ్లకైతే అర్థమవుతుందని ఇప్పుడు చెబుతున్నాను.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మను. మా ఆయన దుబాయిలో ఉండేవాడు, కంపెనీ వాళ్లు సెలవు ఇవ్వలేదు. ఫోనులో ఏడవడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. మా తమ్ముడు నన్ను కరీంనగర్ ఆసుపత్రిలో చేర్పించి, ఆపరేషన్ అయ్యాక నాలుగు రోజులు కాపలా ఉండి, పసుపు తవ్వే రోజులు కావడంతో మనసొప్పకుండానే ఊరికి వెళ్లాడు. ఆ కాలంలో ఆ జబ్బు పేరు పైకి అనేవాళ్లు కాదు, మీకు గుర్తుండే ఉంటుంది. "గడ్డ తీసిండ్రట" అనేవాళ్లు, అది కూడా గొంతు తగ్గించి. చూడటానికి వచ్చిన చుట్టాలు కమలాపండ్లు పక్కన పెట్టి, నా ముఖం తప్ప గదిలో ఉన్న అన్నింటినీ చూసి వెళ్లేవాళ్లు.

ఆసుపత్రి వెనక సందులో రోగులకు గదులు అద్దెకిచ్చేవాళ్లు. ఊరికి పోయి రావడానికి ఒంట్లో సత్తువ లేని ముగ్గురం ఆడవాళ్లం కలిసి ఒక గది తీసుకున్నాం. ముగ్గురిదీ ఒకే జబ్బు, ఒకే ఆపరేషన్, పది పన్నెండు రోజుల తేడా, అంతే. ఒకామె ఇచ్చోడ దగ్గర పత్తి పండించే రైతు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఆమెను అక్కా అనేదాన్ని. రెండో ఆమె మంథని వైపు వరిపొలాల మనిషి, అరవై దాటింది, మా ఇద్దరికీ పెద్దమ్మ. అక్క గొంతు సందు చివరిదాకా వినిపించేది. పెద్దమ్మ మాట పక్కన కూర్చుంటే తప్ప వినిపించేది కాదు.

చంకలోంచి సన్నటి గొట్టం, దాని చివర సీసా, అందులోకి ఎర్రటి నీళ్లు దిగుతుండేవి. ఆ సీసా చేత్తో పట్టుకుని తిరగలేక అవస్థ పడుతుంటే, పెద్దమ్మ తన పాత రవికె గుడ్డతో మూడు సంచులు కుట్టి, మెడలో వేసుకునేలా తాళ్లు పెట్టింది. నేను ఆ సంచి వేసుకుని మొదటిసారి వాకిట్లోకి వస్తే, అక్క పొట్ట పట్టుకుని నవ్వబోయి, కుట్లు లాగి, నవ్వూ ఏడుపూ కలిపి, "అరే, పంతులమ్మ సంచేసుకోని బడికి పోతుంది చూడుండ్రి" అంది. పదిహేను రోజుల తర్వాత నేను నవ్వింది అప్పుడే.

బడి అంటే గుర్తొచ్చింది, నా దిగులంతా దాని గురించే. నాకు ఆపరేషన్ అయింది కుడివైపు. చేతిని రోజూ లేపకపోతే భుజం బిగుసుకుపోతుందని, ఇక ఎన్నటికీ పైకి రాదని నర్సు గట్టిగా చెప్పింది, గోడ మీద వేళ్లు పాకించడం నేర్పింది కూడా ఆమే. చెయ్యి లేవని పంతులమ్మ నల్లబల్ల మీద ఏం రాస్తుంది? మా గది గోడకు క్యాలెండర్ తగిలించే మేకు ఒకటి ఉండేది. అది సరిగ్గా మా బడిలో నల్లబల్ల పై అంచు ఎత్తులో ఉంది. నా వేళ్లు ఆ మేకు ముట్టుకుంటే బడికి పోతాను, లేకపోతే లేదు అని నాకు నేనే పందెం వేసుకున్నాను. చుట్టాలకైతే ఆ పందెం అక్కర్లేకపోయింది. మొగుడు దుబాయిలో సంపాదిస్తుంటే ఇంకా నౌకరీ ఎందుకు, కూర్చుని తినరాదా అని వచ్చిన ప్రతి ఒక్కరూ అనేవాళ్లు.

గోడ మీద గుర్తు పెట్టుకోవడం అక్క మొదలుపెట్టింది. ఒకరోజు చెయ్యి లేచినంత మేరా లేపి, రెండో చేత్తో నుదుటి మీది బొట్టుబిళ్ల పీకి, వేళ్లు ఆగిన చోట అంటించింది. "ఇగో, ఇయ్యాల నేను గీడిదాక వచ్చిన. రేపు దీన్ని దాటకుంటే నన్ను అడుగుండ్రి" అంది. నేను కూడా నా మెరూన్ రంగు బొట్టు అంటించాను. రోజూ దాన్ని దాటాక, పీకి కొత్త చోట పెట్టుకోవాలి. పెద్దమ్మ మాత్రం వద్దంది. భర్త పోయి పదిహేనేళ్లయిందట, అప్పటినుంచి బొట్టు ముట్టుకోలేదట. "నాకు బొట్టెందుకు బిడ్డా, నీ చేతిసంచిల సుద్దముక్క ఉంటె ఇయ్యి" అని, నీలం సున్నం వేసిన ఆ గోడ మీద సుద్దతో చిన్న గీత గీసుకుంది. అక్కకు అది నచ్చలేదు గానీ, పెద్దావిడను ఏమంటుంది, జొన్నరొట్టె కొడుతూ తనలో తాను గొణుక్కుంది.

మొదటి వారం బాగానే పాకాను. ఎనిమిదో రోజు చెయ్యి వాచింది. నిన్నటి బొట్టు బెత్తెడు దూరంలో కనిపిస్తోంది, వేళ్లు అక్కడిదాకా పోవు. మర్నాడూ అంతే. ఆ మధ్యాహ్నం నేను సంచిలోంచి కాగితం తీసి, వంకరటింకర అక్షరాలతో, ఆరోగ్యం సహకరించనందున ఉద్యోగం మానుకుంటున్నానని మా హెడ్మాస్టరుకు ఉత్తరం రాసి, దిండు కింద పెట్టుకున్నాను. ఆదివారం మా తమ్ముడు వస్తాడు, వాడి చేతికి ఇచ్చి పంపాలని. చదువు రాని పెద్దమ్మ అదేం కాగితమని అడిగింది. చెప్పాను. చెబుతూ చెబుతూ పద్దెనిమిదేళ్ల నౌకరీ అంతా తలచుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది.

తెల్లవారి లేచి, ఎలాగూ రాదులే అనుకుంటూనే గోడ ముందు నిలబడ్డాను. ఏం చెప్పమంటారు, బొట్టును వేలెడు దాటాను! అక్క కేక పెట్టింది. మర్నాడు ఇంకో వేలెడు, ఆ మర్నాడు మరో వేలెడు. ఆదివారం మా తమ్ముడు వచ్చి, అన్నం తిని, వెళ్లిపోయాడు. ఉత్తరం దిండు కిందే ఉండిపోయింది. సోమవారం దాన్ని నేనే చింపి పొయ్యిలో వేశాను.

అయితే నేను లెక్కలు చెప్పే మనిషిని కదా. చెయ్యి వాచిన నాడు బొట్టుకూ మేకుకూ మధ్య బెత్తెడే ఉండేది. ఎనిమిది రోజులు రోజుకో వేలెడు చొప్పున పెరిగితే బొట్టు ఎప్పుడో మేకు దాటి పోవాలి. మేకు ఇంకా జానెడు పైనే ఉంది. ఎంత కూడినా లెక్క కుదరదు. రోజూ పీకి పైకి అంటించేదాన్నే గానీ, దాని వెనక ఎన్నడూ చూడలేదు. అనుమానం వచ్చి బొట్టు పీకి తిప్పి చూశాను. వెనక జిగురు లేదు, నలిపిన అన్నం మెతుకు ఒకటి ఎండి అతుక్కుని ఉంది. ఎవరో నా బొట్టు పీకి, కిందికి దించి, అంటుకోకపోతే మెతుకు పెట్టి అంటిస్తున్నారు. పరాచికాలాడే మనిషి అక్కే కాబట్టి, రోగిష్టిదాన్ని పట్టుకుని ఇదేం ఆటని ఆమె మీద విరుచుకుపడ్డాను. అక్క ముఖం చిన్నబోయింది. తర్వాత ఆ మెతుకు చూసి, "నేను మూడు పూటలు రొట్టె తినేదాన్ని, నాకు మెతుకు యాడిది పంతులమ్మా? అన్నం తినేటోళ్లను అడుగు" అంది.

ఆ గదిలో అన్నం తినేది ఇద్దరమే. నేనొకదాన్ని. మంథని పెద్దమ్మ మూలన కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తడం లేదు, ఏరిన చోటే మళ్లీ మళ్లీ ఏరుతోంది.

నాకు మొదట కోపమే వచ్చింది, దాచడమెందుకు. పిల్లలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయించేదాన్ని, నాకే అబద్ధం చెప్పి నడిపిస్తారా అనిపించింది. కానీ పెద్దమ్మ చేట పక్కన పెట్టి దగ్గరికి వచ్చి చెప్పుకున్న తప్పు అది కాదు. "మొగుడున్న ఆడిదాని బొట్టు ముట్టిన, తప్పైంది బిడ్డా. కొంగుతోనే పట్టుకున్న, ఏలు తగలనియ్యలే. పెనిమిటి దూరదేశంల ఉన్నడు, ఆయనకు ఏం గావద్దని రోజు దేవునికి మొక్కుకోనే ముట్టిన" అంది. మేం లేవకముందే లేచి, ముందటి పూట అన్నంలోంచి ఒక మెతుకు నలిపి, కొంగు అంచుతో నా బొట్టు దించేదట. పదిహేనేళ్లు బొట్టుకు దూరంగా ఉన్న మనిషి, నా నౌకరీ పోకూడదని, తనకు పాపం తగిలినా సరే అనుకుని రోజూ దాన్ని ముట్టింది. ఆమె రెండు చేతులు పట్టుకుని, ఎంత సేపు ఏడ్చానో తెలియదు. తిట్టించుకున్న అక్కే ముందు తేరుకుని, "ఇద్దరు ఏడిస్తె సీసాలు నిండుతయి, జర ఊకోండ్రి" అని మళ్లీ నవ్వించింది.

ఆ రోజు నుంచి దించడం లేదు, నిజం లెక్కే. చిత్రమేమిటంటే, అప్పటికే చెయ్యి దారిలో పడింది. వాపు తగ్గింది, నేను రోజూ దాటుతున్నాననే నమ్మకంతో మానకుండా పాకాను కదా. మరో పద్దెనిమిది రోజులకు నా వేలు మేకును ముట్టింది. అక్క ఆ పూట రొట్టెల్లో బెల్లం కలిపింది.

గది ఖాళీ చేసే రోజు, నేను పొట్లంలోంచి కొత్త బొట్టు తీసి పెద్దమ్మ చేతికిచ్చి, నుదురు చూపించాను. ఆమె వెనక్కి జరిగింది. తన చెయ్యి మంచిది కాదంది, మా ఆయన పేరు చెప్పి బతిమాలింది. "పెట్టు పెద్దమ్మా, నీ చెయ్యి కన్న మంచి చెయ్యి ఈ కరీంనగర్ల ఉన్నదా?" అని అక్క గదమాయించింది. పెద్దమ్మ కళ్లు మూసుకుని, ఈసారి కొంగు లేకుండా, ఉత్త వేలితో బొట్టు పెట్టి, చాలాసేపు అలాగే నొక్కి పట్టుకుంది. అది కాస్త పక్కకు పోయింది. నేను సర్దుకోకుండా ఆ వంకర బొట్టుతోనే బస్సెక్కి మెట్‌పల్లి దాకా వచ్చాను. మా ఆయన ఈ రోజుకూ నిక్షేపంగా ఉన్నాడు, ఇది రాస్తుంటే పక్కగదిలో టీ కోసం అరుస్తున్నాడు.

బడులు తెరిచిన రోజు, నల్లబల్ల పై అంచున తేదీ రాసి, పక్కన హాజరు రాసి, వెనక్కి వచ్చి నిలబడి చూసుకున్నాను. పిల్లలకేం తెలుసు, వాళ్లు ఎక్కాలు చదువుకుంటున్నారు. ఆ తర్వాత పదహారేళ్లు ఆ అంచు మీద రాస్తూనే ఉన్నాను. అక్క ఇప్పటికీ పత్తి ఏరడం అయిపోగానే ఫోను చేసి, నా చెయ్యి ఎంతదాకా పోతుందని అడుగుతుంది. పెద్దమ్మ మూడేళ్లకే పోయింది. జబ్బు మళ్లీ తిరగబెట్టిందని ఆమె కొడుకు చెబితే, పెద్దపల్లి మీదుగా బస్సులో మంథని వెళ్లాను గానీ, నేను పోయేసరికి అంతా అయిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు వైద్యం మంచిదైంది, కాదనను. మా చెల్లెలి కూతురికి మాకు తెలియని మందులున్నాయి, జబ్బు పేరు పైకి చెప్పే ధైర్యముంది, రకరకాల ఊళ్ల నుంచి అదే ఆపరేషన్ అయినవాళ్లు ఫోనులోనే మాట్లాడుకుంటారు. కానీ ఒక గదిలో, ఒక పొయ్యి మీద వండుకుని, ఒకరి ఏడుపు ఒకరు విన్నవాళ్లు లేరు. మనిషి ఎంత ఏడ్చిందో ఫోనుకు కనిపించదు, అందుకే దానికి గీత దించాలని తోచదు.

సాయంత్రం పిల్లను లేపి, ఆ ఫోను నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇదెక్కడి పద్ధతి పెద్దమ్మా అని నవ్వుతూనే, నా మాట కాదనలేక, చెయ్యి లేచినంత లేపి, నుదుటి మీది బొట్టు తీసి గోడకు అంటించింది. రేపు దీన్ని దాటాలన్నాను. చూద్దాంలే అంది. అన్నాలు తిన్నాక గిన్నె కడగబోతే నేనే వద్దని పక్కకు తీసి మూత పెట్టాను. అడుగున నాలుగు మెతుకులు ఉంచాను.