మేము పెట్టని విజిల్ డ్రిల్

ఆ రోజు ఉదయం వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న నా భార్య సుబ్బమ్మ పరుగున లోపలికి పోయి స్టవ్ ఆపి, కుక్కర్ పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమయ్యా, మూడు కూతలొచ్చినాక ఆపమని చెప్పి పోతి గదా. పెరట్లో ఉండే నాకు ఇనపడె, నీకు ఇనపల్యా? పప్పు మాడి బొగ్గయిపాయ."

కుక్కర్ కూయనే లేదన్నాను. నిజంగానే నాకు ఒక్క కూత కూడా వినపడలేదు. వాషర్ పోయి ఉంటుందని సాయంత్రం బజారుకు వెళ్లి కొత్తది తెచ్చి వేశాను. నా జబ్బు బయటపడిన రోజు అది. ఆ రోజు నేను చేసిన వైద్యం వాషర్ మార్చడం.

మాది బనగానపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. రైల్వే లైన్ల పనులు చేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా పద్నాలుగేళ్లు పనిచేశాను. పట్టాలు కోసే కట్టర్లు, గ్రైండర్లు, కంకర దట్టించే మెషిన్లు రోజంతా నా పక్కనే మోగేవి. ఇంటికి వచ్చాక చెవుల్లో కీచురాళ్లు కూసినట్టుండేది. అలసట అనుకునేవాణ్ణి. ఇయర్ ప్లగ్గుల పెట్టె ఆఫీసు గదిలోనే ఉండేది. రికార్డు కోసం ఫోటో తీసే రోజు అందరికీ పంచి, ఫోటో అయ్యాక తిరిగి పెట్టెలో వేయించేవాణ్ణి. పోగొడతారని నా భయం.

పట్టాల మీద దిగే ప్రతి కూలీకి ముందు రెండు రోజుల సేఫ్టీ ట్రైనింగ్ ఇవ్వాలని రూలు. ఆ ట్రైనింగ్‌లో చివరి అంశం విజిల్ డ్రిల్. లుకౌట్‌మన్, అంటే బండి రావడం దూరం నుంచి చూసి హెచ్చరించే మనిషి, తన చోట నిలబడి విజిల్ ఊదాలి. విన్నవాళ్లందరూ చెయ్యెత్తాలి. ఎవరి చెయ్యి లేవకపోతే వాళ్ల దగ్గరికి ఎర్రజెండాతో పరిగెత్తాలి. నేర్పడానికి ఒక పూట చాలు. నేను ఆ పూట కూడా పెట్టలేదు. కోసిగి పక్క నుంచి కూలీలు దిగిన రోజే, ట్రైనింగ్ అయినట్టు రాసిన షీటు ముందు పెట్టి వేలిముద్రలు వేయించేవాణ్ణి. రెండు రోజుల ట్రైనింగ్ అరగంటలో ముగిసేది.

ఏడాదికి రెండుసార్లు ప్రభుత్వం తరఫున సేఫ్టీ ఆఫీసర్ ఒకాయన వచ్చేవారు. వస్తున్నట్టు ముందురోజే ఫోన్ వచ్చేది. ఫ్యాన్ కింద కూర్చుని మజ్జిగ తాగుతూ రిజిస్టర్లు తిరగేసేవారు. నేను ముందే తయారుచేసి ఉంచిన ఒక కూలీని పిలిపించి రెండు ప్రశ్నలు అడిగేవారు. "మీ రిజిస్టర్ చూసి మిగతా సైట్లవాళ్లు నేర్చుకోవాలండీ," అన్నారొకసారి. ఆ మాట ఇంటికి వచ్చి సుబ్బమ్మకు గొప్పగా చెప్పుకున్నాను. ఆఫీసు గది నుంచి పట్టాలకు రెండు వందల అడుగులు ఉండవు. ఆయన ఎప్పుడూ అటు నడవలేదు. ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు. నేను చూపించనిదే ఆయన చూడలేదు.

మెడికల్ క్యాంపు కూడా అలాగే జరిగింది. డాక్టర్ వచ్చి బరువు, బీపీ చూసి వెళ్లిపోయారు. చెవుల పరీక్షకు మెషిన్ తేలేదు. ఫారాల్లో 'హియరింగ్' అన్న గడి ఖాళీగా నా టేబుల్ మీదికి వచ్చింది. నలభై ఒక్క ఫారాలు. అన్నిట్లోనూ 'నార్మల్' అని రాశాను. నలభై ఒకటోది నాది.

ఆ తర్వాత మూడు నెలలకు ప్రమాదం జరిగింది. కడప జిల్లాలో, కొండను తొలిచి లైను వేసిన ఒక మలుపు దగ్గర పని. లుకౌట్‌గా తిమ్మప్పను పెట్టాను. కోసిగి దగ్గరి మనిషి, నలభై దాటినవాడు, మాట తక్కువ. ఆఫీసర్ ముందు ప్రశ్నలకు జవాబు చెప్పించడానికి నేను పిలిచేది అతన్నే. గ్రైండర్ ఆపి అయిదు నిమిషాలైంది. వంగి గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, కొలుస్తున్నాను. కూలీలు పారలు వదిలి పక్కకు పోవడం ఓరకంట కనిపించింది. నీళ్లకు పోతున్నారనుకుని, "అప్పుడేనా? ఇప్పుడే గదా తాగితిరి," అని కసిరాను. తల ఎత్తలేదు. తర్వాత ఇంజన్ హారన్ వినపడింది. అప్పటికి అది నా మీదే ఉంది. దూకాను గానీ ఇంజన్ అంచు ఎడమ తొడకు తగిలి కంకరలోకి విసిరేసింది.

కళ్లు తెరిచేసరికి నా తల తిమ్మప్ప ఒడిలో ఉంది. ఎర్రజెండా అతని చంకలోనే ఉంది. "ఊదితి సార్. రెండు తూర్లు ఊదితి. మీరు తల ఎత్తల్యా," అంటున్నాడు.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఆర్థో డాక్టర్ ఎక్స్‌రే చూసి, "తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు వేసి నెయిలింగ్ చేద్దాం. కాలు పోలేదు, అదృష్టవంతులు," అన్నారు. ఆపరేషన్ అయిన నాలుగో రోజు విచారణాధికారి మంచం దగ్గరికి వచ్చారు.

"విజిల్ వినపడిందా?"

"లేదు సార్. మిషన్ కూడా ఆపి ఉండాది. ఊదింటే ఇనపడకుండా ఎట్ల పోతాది?"

"కూలీలందరూ విన్నామంటున్నారు."

"అందరూ ఒక పక్కోళ్లు సార్. ఒకర్నొకరు ఇడిసిపెట్టుకోరు."

ఆయన ఫైలు తెరిచి నా మెడికల్ ఫారం చూశారు. హియరింగ్ నార్మల్. పక్కనే ట్రైనింగ్ షీటు, తిమ్మప్ప వేలిముద్ర. సూపర్‌వైజర్ చెవులు బాగున్నాయి. లుకౌట్‌మన్ శిక్షణ పొందాడు. మరి తప్పు ఎవరిదో తేలిపోయినట్టే. "క్లియర్‌గా ఉంది," అని ఫైలు మూశారు. తిమ్మప్పను పనిలోంచి తీసేశారు. నిర్లక్ష్యం వల్ల తీసేసినట్టు రాశారు గనక మిగతా కాంట్రాక్టర్లు కూడా రానివ్వలేదు.

వారం తర్వాత అతను ఆసుపత్రికి వచ్చాడు. ఒక సంచిలో బొరుగులు తెచ్చి కిటికీలో పెట్టాడు.

"ఒక్క మాట చెప్పు సార్. నేను ఊదల్యా?"

"నాకైతే ఇనపల్యా తిమ్మప్పా."

"ఇనపడకపోయేది వేరే. ఊదకపోయేది వేరే గదా సార్."

నేను గోడ వైపు తిరిగాను. అబద్ధం చెబుతున్నానని అప్పుడు నాకు తెలియదు. కానీ ఆ మనిషి మొహం చూసి కూడా నాకు అనుమానం రాలేదంటే, రానివ్వలేదన్నదే నిజం.

మూడో వారంలో కుట్ల దగ్గర చీము పట్టింది. జ్వరం తగ్గలేదు. మళ్లీ కోసి కడిగారు. చీమును పరీక్షకు పంపిన కల్చర్ రిపోర్ట్ వచ్చాక డాక్టర్, "అమికాసిన్ ఇంజెక్షన్లు ఇవ్వాలి. అవి చెవులను దెబ్బతీయొచ్చు. ముందు ఒకసారి ఆడియోమెట్రీ, చెవుల పరీక్ష, చేయిద్దాం," అన్నారు. వీల్‌చైర్‌లో ఈఎన్‌టీకి తోసుకుపోయారు. చిన్న అద్దాల గది. హెడ్‌ఫోన్ పెట్టారు. శబ్దం వినపడితే బటన్ నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. పరీక్ష అయిపోయిందనుకుని హెడ్‌ఫోన్ తీయబోయాను. ఇంకా అవుతూనే ఉందని అద్దం అవతలి నుంచి సైగ చేశారు.

ఈఎన్‌టీ డాక్టరమ్మ గ్రాఫ్ చూపించారు. గీత కొంత దూరం బాగానే వచ్చి ఒక్కసారిగా కిందికి జారింది. "మెషిన్ల దగ్గర పనిచేస్తారా? ఇది నాయిస్ ఇండ్యూస్డ్ హియరింగ్ లాస్, మోతల వల్ల వచ్చే చెవుడు. రెండు చెవులూ. నిన్న మొన్న వచ్చింది కాదు, ఏళ్ల నుంచి ఉంది."

"అందరి మాటలూ ఇనపడతాయి గదమ్మా నాకు."

"మాటలు వినపడతాయి. లావు శబ్దాలు వినపడతాయి. సన్నవే పోయాయి. పిట్టలు, కుక్కర్..."

"విజిల్?"

"దూరం నుంచి ఊదితే వినపడదు."

ఆ మాట మాత్రం చాలా స్పష్టంగా వినపడింది.

డాక్టర్లు అమికాసిన్ మానేసి వేరే మందు ఇచ్చారు. చీము తగ్గడానికి ఆరు వారాలు పట్టింది. తర్వాత వాకర్, తర్వాత కర్ర. ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. గ్రాఫ్ చూసిన రోజే తిమ్మప్ప ఊదాడని నాకు తెలిసింది. అయిదు నెలలు నోరు విప్పలేదు. విప్పితే 'నార్మల్' అని రాసింది ఎవరని అడుగుతారు. కాలు కుదుటపడనీ అని ఒక నెల, ఫిజియోథెరపీ అయిపోనీ అని ఇంకో నెల.

ఒకరోజు సుబ్బమ్మ అన్నం పెడుతూ, "కుక్కరుకు వాషర్ మార్చినట్టు ఆ మనిషిని మారిస్తివి," అంది. ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని విచారణాధికారికి ఉత్తరం రాశాను. ట్రైనింగ్ పెట్టలేదని, నలభై ఒక్క ఫారాలు నేనే నింపానని, తిమ్మప్ప విజిల్ ఊదాడని రాసి, ఆడియోగ్రామ్, అంటే ఆ చెవుల గ్రాఫ్, జత చేశాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. రికార్డుల ప్రకారం శిక్షణ, వైద్య పరీక్షలు సక్రమంగా జరిగినట్టు ఉన్నందున విచారణను తిరిగి తెరవడానికి కారణం కనిపించడం లేదని. నేను రాసిన అబద్ధాన్ని సాక్ష్యంగా పెట్టుకుని, నేను రాసిన నిజాన్ని కొట్టేశారు. కాంట్రాక్టర్ మాత్రం ఆ జవాబు కాపీ అందిన మర్నాడే నన్ను పనిలోంచి తీసేశాడు.

ఆ జవాబు పట్టుకుని కోసిగి పక్క వెళ్లాను. తిమ్మప్ప గుంటూరు వైపు మిరపకోతలకు పోయి అప్పుడే వచ్చి ఉన్నాడు. అరుగు మీద పాత కూలీలు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నా కర్ర చూసి జరిగి చోటిచ్చారు. తిమ్మప్ప భార్య గడప దగ్గరే నిలబడింది.

"ఏమప్పా, ఇంత దూరం వస్తివి. మా ఆయప్ప మాట ఇప్పుడు ఇనపడెనా?"

గ్రాఫ్ తీసి వాళ్లకు వివరించబోయాను. ఎవరికీ పట్టలేదు. గీతలు చూసి ఏం చేస్తారు? అప్పుడు అడిగాను, విజిల్ ఉందా అని. తిమ్మప్ప లోపలికి పోయి చిలక్కొయ్యకు తగిలించిన విజిల్ తెచ్చాడు. దాన్ని వెనక్కి అడగడం కూడా మా ఆఫీసు మరచిపోయింది.

"ఆ పొద్దు పెట్టని డ్రిల్లు ఈ పొద్దు పెడదాం. నువ్వు వీధి కొసకు పో. ఇనపడినోళ్లు చెయ్యెత్తాల."

తిమ్మప్ప నా వీపు వెనక నుంచి నడిచి పోయాడు. నేను అరుగు వైపు తిరిగి నిలబడ్డాను. చెవుల్లో నా కీచురాళ్లు తప్ప ఏమీ లేవు. కాసేపటికి అరుగు మీద చేతులు లేచాయి. ఎదురింటి ముసలమ్మ చెయ్యి కూడా లేచింది. గడపలో తిమ్మప్ప భార్య చెయ్యెత్తలేదు గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా చెయ్యి నా కర్ర మీదే ఉంది.

అతను తిరిగి వచ్చాడు. "మూడు తూర్లు ఊదితి," అన్నాడు. తర్వాత, "ఈ డ్రిల్లు ఆ పొద్దే పెట్టింటే నీ కాలు బాగుండు, నా పని ఉండు." ఎప్పుడూ సార్ అని పిలిచేవాడు, ఆ రోజు పిలవలేదు. నా ఉత్తరం కాపీ చేతిలో పెట్టాను. అతనికి చదువు రాదు. కింద నా సంతకం మీద వేలు పెట్టి, "ఇదన్నా నిజమైన సంతకమేనా?" అని అడిగాడు. అరుగు మీదివాళ్లు నవ్వారు. నేను అవునన్నాను. క్షమించమని అడగడానికి వెళ్లినవాణ్ణి, అడగలేక వచ్చేశాను.

ఇప్పుడు బనగానపల్లెలో ఒక విత్తనాల కొట్లో కూర్చుంటున్నాను. ఎడమ కాలు కొంచెం పొట్టి అయింది. చెవిలో పోయిన నరం తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పారు. రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకున్నాను. కుక్కర్ మళ్లీ కూస్తోంది. ఈ మధ్య రెండో ఉత్తరం పై అధికారికి పంపాను. తిమ్మప్ప పేరు ఇంకా 'నిర్లక్ష్యం' కిందే ఉంది. పాత సైటులో ఫారం మార్చారట. 'హియరింగ్ టెస్ట్ చేశారా? అవును, కాదు' అని కొత్త గడి వచ్చిందట. కొత్త సూపర్‌వైజర్ అన్నిట్లోనూ 'అవును' మీద టిక్కు పెడుతున్నాడట.

మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ మెడికల్ కాగితం తీసి చూడండి. హియరింగ్ నార్మల్ అని ఉంటే, ఆ పరీక్ష ఏ గదిలో జరిగిందో, హెడ్‌ఫోన్ ఎవరు పెట్టారో గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే ఆ నార్మల్ మీది కాదు. ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. వెళ్లే వీలు లేకపోతే ఒక మనిషికి విజిల్ ఇచ్చి, వంద అడుగుల అవతలికి పంపి, అతనికి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా ఉన్నవాళ్ల చేతులు చూడండి. ఆ తర్వాత మీ చెయ్యి చూసుకోండి.