ఖాలా కుట్టిన రేసు డ్రెస్సు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి చావంటే భయం ఉండదు, ఫొటోలో బాగా పడమేమోనన్న భయమే ఉంటుంది. ఆ రోజుల్లో నాకు అది మరీ ఎక్కువ. వనపర్తిలో ట్రాక్టర్ల షోరూంలో ఉద్యోగం. పొద్దంతా రైతులకు ట్రాక్టరు ఎంత నిదానంగా, ఎంత బలంగా లాగుతుందో చెప్పడం, సాయంత్రం గదికొచ్చి ఫోనులో డ్రాగ్ రేసులు చూడడం. (రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చ దీపం వెలగగానే పావు మైలు తిన్నగా దూసుకుపోవడమే ఆ ఆట. మలుపులుండవు కాబట్టి నాకూ వస్తుందనుకున్నాను.) హైదరాబాద్ అవతల ఒక ట్రాక్ మీద మాలాంటి మామూలువాళ్లకు పోటీ పెడుతున్నారని తెలిసి పేరిచ్చేశాను. కారు మా చిన్నమామది. గోపాల్‌పేటలో ఆయనకు కొంచెం పల్లీ చేను, ఆ చేను కంటే ఎక్కువ ముద్దుగా చూసుకునే పాత చిన్న కారు ఉండేవి. "నడుపు గని, ఒక్క గీత పడ్డా మీ అమ్మకు జెప్త" అని మాత్రం బెదిరించి తాళాలిచ్చాడు.

పోటీవాళ్లు పంపిన కాగితంలో కారు గురించి నాలుగు మాటలుంటే, నడిపేవాళ్లు ఏమేం వేసుకోవాలన్నది పేజీ నిండా ఉంది. నేను ఆ పేజీ చదవకుండానే ఆన్‌లైన్‌లో ఎర్రటి రేసు డ్రెస్సు తెప్పించేశాను. భుజాల నుంచి మోకాళ్ల దాకా పసుపుపచ్చ మంటల బొమ్మలు. అద్దంలో చూసుకుంటే నాకే నేనంటే కొంచెం గౌరవం కలిగింది. కాళ్లు మాత్రం జానెడు పొడవైనాయి. కురచ చేయించుకుందామని మా గది కింద కుట్టుమిషను పెట్టుకున్న, వీధంతా ఖాలా (అంటే పెద్దమ్మ) అని పిలిచే ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. ఆ వీధిలో సగం మంది బురఖాలు, మిగతా సగం మంది జాకెట్లు ఆమె చేతి మీదుగా వచ్చినవే.

ఖాలా డ్రెస్సును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, కళ్లజోడు పైకి నెట్టింది. "గిది ఏస్కొని ఏం జేస్తవ్ బేటీ?" చెప్పాను. ఆమె అంచు లోపలి నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించింది. పోగు ముడుచుకుపోయి, చివర నల్లటి పూసలా కరిగి బల్ల చెక్కకు అతుక్కుంది. గోటితో గీకినా ఊడలేదు. తర్వాత తన నూలు దుపట్టా అంచు నుంచి ఇంకో పోగు తీసి అంటించింది. అది కాగితంలా కాలి బూడిదైంది. ఊదితే ఎగిరిపోయింది.

"సూసినవా? నీ డ్రెస్సు కాలదు, కరుగుతది. కరిగి తోలుకు అతుకుతది. మా చెల్లెకు పొయ్యికాడ గిట్లనే అయ్యింది. నైలాన్ చీర. దవాఖానల గీకి గీకి తీసిండ్రు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మిషను మీది చెయ్యి తియ్యలేదు. నా మంటల బొమ్మలు నాకే వెక్కిరింతలా కనబడ్డాయి. "కాయితం ఏమన్న ఇచ్చిండ్రా? సదువు" అంది. అక్కడే నిలబడి ఆ పేజీ మొదటిసారి చదివాను. మాలాంటి నెమ్మది కార్లవాళ్లకు ఒళ్లంతా కప్పే నూలు బట్టలు చాలు, వేగం కార్లవాళ్లకు వేరే ప్రత్యేకమైన దుస్తులు కావాలి, నైలాను, పాలిస్టరు ఎవరికీ పనికిరావు, బూట్లు పాదమంతా మూయాలి, జుట్టు లోపలే ఉండాలి. "రాసినోనికి అకల్ ఉన్నది" అని ఖాలా మెచ్చుకుంది. (ఆ తెలివి నాకు లేదని విడిగా అనలేదు.)

ఆ తర్వాత నాలుగు రోజులు నేను షోరూంలో ఉన్నానేగానీ ప్రాణమంతా ఆ మిషను దగ్గరే. మందపాటి ఖాకీ నూలుగుడ్డ తెమ్మంది. తెస్తే, దారం కోసం గద్వాలలో తెలిసిన నేతాయనకు కబురంపింది. "దారం గూడ ఉందిగా ఖాలా, డబ్బా నిండా!" అన్నాను. "గది పాలిస్టర్ దారం. గుడ్డ నూలుదై కుట్టు కరిగిపోతే ఏం ఫాయిదా? బట్ట ఉంటది, నువ్వు బయటుంటవ్" అంది. కుట్టులోని దారం గురించి నేను ఏడు జన్మలెత్తినా ఆలోచించి ఉండేదాన్ని కాను. నా జడను చుట్టచుట్టి లోపల ఇమిడేలా, కళ్లు మాత్రం కనబడేలా తలకు ఒక తొడుగు కూడా కుట్టింది. ముఖం చుట్టూ గుడ్డ జారకుండా ఎలా నిలపాలో ఆమె కంటే తెలిసినవాళ్లు ఏ రేసు దేశంలోనూ ఉండరనిపించింది.

హెల్మెట్‌కు తనే టేపు పట్టుకుని బస్టాండు దగ్గరి దుకాణానికి వచ్చింది. నేను డేగ బొమ్మున్నదాన్ని చూస్తుంటే, ఆమె కనుబొమల పైనుంచి నా తల కొలిచి, "గిదేంది, తల కొలత తెల్వకుండ టోపీ కొంటరా?" అని దుకాణదారుణ్ణి నిలదీసింది. ఒక్కొక్కటీ నా తలకు తొడిగి, రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. హెల్మెట్ తిరిగి ముఖం తిరగకపోతే పక్కన పెట్టేసింది. చివరికి చూపుకు కుండలా ఉన్న ఒక తెల్ల హెల్మెట్ నా బుగ్గల్ని పట్టుకుని తనతో పాటు తిప్పింది. "గిదే. ఇగ అద్దగంట గిట్లనే ఉండు, యాడన్న నొస్తదేమో సూద్దం" అని అక్కడే స్టూలు మీద కూర్చోబెట్టింది. మా షోరూంకు వచ్చే రైతులిద్దరు దుకాణం ముందు నుంచి పోతూ, "మేడం, పానం బాగలేదా?" అని పరామర్శించి వెళ్లారు.

పోటీ రోజున తనిఖీ చేసే పెద్దమనిషి నా ఖాకీ డ్రెస్సు చేతిని తిరగేసి, కుట్టును వేలితో తడిమి, "దారం కూడా నూలుదే! ఎవరు కుట్టారమ్మా?" అన్నాడు. "మా ఖాలా" అన్నాను, సొంత పెద్దమ్మ అయినంత గర్వంగా. నా వెనక మెరిసే డ్రెస్సులో ఉన్నతన్ని బట్టలు మార్చుకురమ్మని పంపించేశారు. అది ఎర్రది కాదు, నీలంది. అయినా నా చెవులే ఎర్రబడ్డాయి.

దీపం వెలిగింది. పక్క కారు నాకంటే ముందే కదిలి, ముందే చేరి, నేను గీత దాటేసరికి తాపీగా వెనక్కి తిరుగుతోంది. అది సరే అనుకుంటూ బ్రేకు వేస్తుంటే స్టీరింగు కింద ఏదో వైరు చిటపటమని, పొగ లేచి, నిప్పురవ్వలు నా మణికట్టు మీద పడ్డాయి. కారు ఆపి, బెల్టు విప్పుకుని బయటపడ్డాను. ట్రాక్ వాళ్లు పరుగెత్తుకొచ్చి బ్యాటరీ తీగ తప్పించారు. చూసుకుంటే డ్రెస్సు చేతి అంచున గోధుమరంగు మచ్చలు రెండు, కింద చర్మం చెక్కుచెదరలేదు. కారుకు మాత్రం గీత పడలేదని మామకు ఫోనులో చెప్పాను. వైరు సంగతి మర్నాడు చెప్పాను.

వనపర్తి చేరగానే తిన్నగా ఖాలా దగ్గరికి వెళ్లాను. ఆమె మచ్చలున్న చోట నా మణికట్టు పట్టుకుని, బొటనవేలితో రెండుసార్లు రాసి చూసి, ఊపిరి వదిలింది. తర్వాత అడిగింది.

"గెలిచినవా?"

"లేదు ఖాలా, ఓడిపోయిన."

"ఎంతసేపు నడిపినవ్?"

"ఇరవై సెకన్లు."

ఖాలా నన్నూ మిషన్నూ మార్చి మార్చి చూసింది. "ఇరవై సెకన్లకా! నేను నాలుగు దినాలు కుట్టిన గదనే!" అని నవ్వడం మొదలుపెట్టి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. నాకు ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాత నేనూ నవ్వాను.

మళ్లీ పోటీకి వెళ్లలేదు. ఖాలా ఇప్పుడు మిషను తొక్కడం లేదు, చూపు ఆనడం లేదట. నేను మొన్న కూతురికి బడి చెప్పులు కొనడానికి వెళ్లి, మెరిసేవి పక్కన పెట్టి, ఒక్కో జత వంచి చూసి, లోపల చెయ్యి పెట్టి కుట్లు తడుముతుంటే అది విసుక్కుంది. "ఎంతసేపమ్మా!" అని. ఎవరి ఓపికో నా చేతుల్లోకి ఎప్పుడు వచ్చి చేరిందో తెలియక, ఊరికే నవ్వాను.