పర్లేదు అనే బటన్

క్రేన్ బాబాయ్ పోయారని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆదివారం ఇంట్లోనే గుండెపోటట. పైన మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదలైందన్న మెసేజ్, కింద ఈ కబురు. ఎవరో మహానుభావుడు రెండింటికీ ఒకే దండం బొమ్మ పెట్టాడు. ఒళ్ళు మండింది.

ఆయన నాకు చుట్టం కాదు. పోర్టు పక్కన ఒక సరుకు యార్డులో అందరికంటే సీనియర్ క్రేన్ ఆపరేటర్. డ్యూటీ దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి క్రేన్ ఎలా ఉందో చెప్పడానికే మా సాఫ్ట్‌వేర్. వాడేవాళ్ళతో కూర్చుని డిజైన్ చేద్దామని వర్క్‌షాప్ పెట్టింది నేనే. రంగు చీటీలు పంచితే అందరూ బుద్ధిగా రాశారు. బాబాయ్ తన చీటీ మడిచి, ఊగుతున్న టేబుల్ కాలి కింద పెట్టారు.

"రాయండి బాబాయ్!"

"ఏటి రాయాల? బాగుంది, బాగోలేదు అని రెండు బటన్లే ఎట్టినావు. మరి పర్లేదు అన్నది ఏదమ్మా?"

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"బాగోలేదంటే క్రేన్ ఆపేత్తారు. బాగుందంటే వచ్చినోడు కళ్ళు మూసుకుని ఎక్కేత్తాడు. బ్రేకు లేటుగా పడతంది, సూసుకో అని సెప్పడానికి మాకున్నది ఆ ఒక్క మాటే. నాను పర్లేదు అన్నానంటే ఎక్కినోడు జాగర్తగా ఉంటాడు."

ఆయనతో వేగడం తేలిక కాదు. టీ రానిదే నోరు విప్పరు, ఫోను మోగితే మధ్యలో లేచిపోతారు. ఒకరోజు విసిగిపోయి నన్నే క్రేన్ కేబిన్ ఎక్కించారు. అక్కడున్న గంటలో నేర్చుకున్నది నాలుగు వర్క్‌షాపుల్లో నేర్చుకోలేదు.

పసుపురంగు బటన్ గీశాను. "రిపోర్టులో పసుపు కనబడితే పైవాళ్ళు ప్రశ్నలేస్తారు" అని మా మేనేజర్ తీయించేశాడు. మరి ఆపరేటర్లని పిలిచి అడగడం దేనికి, నా మొహం! రెండు మెయిళ్ళు పెట్టాను. మూడోది పెట్టలేదు, అది నా తప్పే. "తర్వాతి వెర్షన్‌లో పెడతాం బాబాయ్" అన్నాను.

"సరేలేమ్మా. అందాకా ఏటి నొక్కమంటావు?"

తర్వాతి వెర్షన్ వచ్చింది. అందులోనూ ఆ బటన్ లేదు.

నిన్న ఆ కేబిన్ ఎక్కాను. ట్యాబ్‌లో ఆయన ఆఖరి డ్యూటీ పక్కన ఆకుపచ్చగా "బాగుంది" అని ఉంది. పక్కనే ఇనుప రేకు మీద సుద్దముక్కతో, వాలిన అక్షరాల్లో, "బ్రేకు పర్లేదు". దాని కింద ఇంకొకరి చేతిరాత: "సూశాను బాబాయ్."